స్టెటిండ్: నార్వే జాతీయ పర్వతం పేరుకు అర్థం ఏమిటి?

ధ్రువతార (చర్చ ప్రారంభించిన సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నార్వే వచ్చి నాలుగేళ్లయింది గాని, ఆర్కిటిక్ వృత్తం దాటి ఉత్తరానికి వెళ్లడం మొన్న వేసవిలోనే కుదిరింది. నార్విక్ పట్టణానికి నైరుతిగా, సముద్రం కొండల నడుమకు పాయలు పాయలుగా చొచ్చుకువచ్చే ప్రాంతంలో, ఫ్యోర్డు ఒడ్డున రోడ్డు పక్కగా కారు ఆపి తలెత్తేసరికి ఎదురుగా స్టెటిండ్ నిలబడి ఉంది. దాని ఎత్తు 1392 మీటర్లు మాత్రమే. మన తూర్పు కనుమల్లోనే దానిని మించిన కొండలున్నాయి. అయితే అవి మెట్టలమీద మెట్టలుగా పేరుకుని లేస్తాయి, ఇది మాత్రం ఉప్పునీటి అంచునుంచి ఒక్క ఊపున లేచి, పైకి పోయేకొద్దీ సన్నబడి, మొన తేలవలసిన చోట ఎవరో రంపంతో కోసినట్టు చదునుగా ముగిసిపోతుంది. నునుపైన గ్రానైటు పలకల మీద చెట్టూ చేమా నిలవవు, నీటి చారలు మాత్రం పైనుంచి కిందిదాకా నల్లగా కనబడతాయి.

2002 అంతర్జాతీయ పర్వతాల సంవత్సరం కావడంతో, ఆ ఏడు ఇక్కడి రేడియో శ్రోతలు ఓట్లు వేసి దీనిని తమ జాతీయ పర్వతంగా ఎన్నుకున్నారు. దేశంలో ఎత్తైన శిఖరాన్ని వదిలి దీనిని ఎన్నుకోవడం నాకు నచ్చింది. నా సందేహం పేరు గురించి. నార్వేజియన్‌లో రాయిని "స్టెయిన్" అంటారు కనుక ఇది "రాతి శిఖరం" అయి ఉంటుందని నేను అనుకున్నాను. ఆఫీసులో ఒకరు, అది "చోటు" అనే అర్థం గల మాటనుంచి వచ్చిందన్నారు. తెలిసినవారు చెప్పగలరు.

పదాల పెట్టె

ధ్రువతార గారికి, మీ ఊహ తప్పింది, మీ సహోద్యోగి ఊహ మాత్రం తప్పుతూనే ఒప్పుకు దగ్గరగా వచ్చింది. పేరులోని మొదటి భాగం "స్తే". అంటే కమ్మరి దాగలి. ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సమ్మెటతో కొట్టే ఇనుప దిమ్మె అన్నమాట. నేటి స్కాండినేవియా భాషలకు తల్లి అయిన ప్రాచీన నార్స్ భాషలో ఇది "స్తెది". స్వరాల నడుమ ఉన్న మెత్తని "ద" కాలక్రమంలో జారిపోయి "స్తే" మిగిలింది. స్వీడిష్‌లో ఆ హల్లు నిలిచింది, అక్కడ దాగలిని నేటికీ "స్తేద్" అంటారు. ఇంగ్లీషులో దాగలికీ కమ్మరి కొట్టానికీ ఉన్న "స్టిథీ" అనే పాత మాట కూడా ఈ నార్స్ పదం నుంచి అరువు వెళ్లినదే.

రెండో భాగం "తిన్", అంటే కోసుగా ఉన్న శిఖరం. గడ్డి ఎత్తే పంగలకర్రకూ, నేల చదునుచేసే పళ్ల గుంటకకూ ఉండే ముల్లు దీని పాత అర్థం. కాబట్టి పేరులో రెండు పనిముట్లున్నాయి, ఒకటి కమ్మరిది, మరొకటి రైతుది. మీ సహోద్యోగి మాట దగ్గరగా వచ్చిందని ఎందుకన్నానంటే, దాగలికీ "చోటు" అనే మాటకూ మూలం ఒకటే. రెండూ "నిలబడు" అనే అర్థం గల ప్రాచీన ధాతువు నుంచి పుట్టాయి. కదలకుండా నిలిచి దెబ్బలు కాచేది దాగలి. ఆ ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న సామీ ప్రజల లూలె సామీ భాషలో ఈ కొండను "స్తాద్దా" అంటారు. నార్స్ మాటతో దాని పోలిక చెవికే తెలుస్తుంది.

కొలిమి

పదాల పెట్టె గారి వివరణ చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. మాది కమ్మరి కుటుంబం. మా నాన్నగారి కాలందాకా ఊళ్లో కొలిమి నడిచింది, తిత్తి ఊదడం నా బడి సెలవుల పని. దాగలి అంటే నాకు పుస్తకంలోని మాట కాదు. అయితే ఇంటర్నెట్టులో ఈ కొండ బొమ్మలు వెతికి చూశాను, పక్కన దాగలి బొమ్మ కూడా పెట్టుకుని చూశాను. ఒకవైపు కొమ్ములా సాగి, మరోవైపు మడమలా తెగి, నడుము సన్నగా ఉండే ఆ ఇనుప దిమ్మెకూ, నిట్టనిలువుగా లేచిన ఈ కొండకూ నాకు పోలిక కనబడలేదు. పేరు పెట్టినవారు ఏ వైపునుంచి చూసి ఉంటారు?

మంచుదారి

కొండలెక్కే అలవాటున్నవాడిగా నాకు తెలిసినది చేరుస్తాను. పేరు ఎంత ముతకదో, ఎక్కడానికి కొండ అంత మొండిది. 1888లో పౌల్ గ్యూస్‌ఫెల్ట్ అనే జర్మన్ యాత్రికుడు, నార్వేకు చెందిన మార్టిన్ ఎక్రొల్‌తో కలిసి ప్రయత్నించి వెనుదిరిగాడు. మరుసటి ఏడు కార్ల్ హాల్ అనే డెన్మార్కు వాసి ముందరి చిన్న శిఖరందాకా చేరి అక్కడితో ఆగిపోయాడు, ఆ చిన్న శిఖరాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1904లో విలియం సెసిల్ స్లింగ్స్‌బీ వంతు వచ్చింది. 1876లో స్తూరె స్కాగస్తోల్స్‌తిన్ శిఖరాన్ని మొట్టమొదట, చివరి భాగం ఒంటరిగా ఎక్కి, నార్వే పర్వతారోహణకు పితామహుడనిపించుకున్న ఇంగ్లీషు పెద్దమనిషి ఆయన. ఆయనకూ ఇది లొంగలేదు. తాను చూసిన కొండల్లోకెల్లా ఇదే వికారమైనదని అన్నాడు. అందని ద్రాక్ష పుల్లన అనే మాట నార్వే చలిలోనూ పనిచేస్తుందన్నమాట.

చివరికి 1910 జులై 30న ఫెర్దినాన్ శెల్‌దెరుప్, కార్ల్ విల్హెల్మ్ రూబెన్సన్, ఆల్ఫ్ బొన్నెవీ బ్రిన్ అనే ముగ్గురు నార్వే యువకులు శిఖరం చేరారు. వీరిలో రూబెన్సన్‌కు మన దేశంతో సంబంధం ఉంది. అంతకు మూడేళ్ల ముందు, 1907లో, ఆయన సిక్కిం సరిహద్దులోని కబ్రూ శిఖరాన్ని ఎక్కబోయి అంచులదాకా వెళ్లి వచ్చాడు.

పేర్ల చర్చ కనుక ఒకటి చెప్పాలి. హాల్ శిఖరం దాటాక ఒక సన్నని గట్టు వస్తుంది, రెండువైపులా లోయే. ఆ గట్టుకు అడ్డంగా ఒక బండ కూర్చుని ఉంటుంది, మామూలు దారిలో అతి కష్టమైన భాగం అక్కడే. దాని పేరు "మ్యూసూస్తెన్". పాలు విరిచాక మిగిలిన తేటనీటిని, మనం కోవాకు కాచినట్టు, గంటల తరబడి మరిగించి, గోధుమరంగు దిమ్మెగా పోతపోసే చీజుకు నార్వేలో ఆ పేరు. ప్రాణాలు అరచేత పట్టుకుని దాటే బండకు అల్పాహారం పేరు పెట్టుకున్నారంటే, ఆ మనుషులు పేర్లు ఎక్కడనుంచి తెచ్చుకుంటారో తెలుస్తుంది.

సందేహి

ఇంత ఘనమైన కొండకు దాగలి అనీ చీజు అనీ పేర్లేమిటి? నార్వేలోనే ఎత్తైన గాల్‌హోపిగ్గెన్ సంగతి చూడండి. "గాల్దర్" అంటే ప్రాచీన నార్స్‌లో మంత్రం. కనుక అది "మంత్రశిఖరం" అని ఒక యాత్రా వీడియోలో విన్నాను. జాతీయ పర్వతం అనే హోదా అటువంటి పేరుకు తగినదని నా అభిప్రాయం.

పదాల పెట్టె

సందేహి గారూ, "గాల్దర్" అంటే మంత్రమన్నది నిజమే, ఆ మంత్రం మాత్రం ఈ కొండ దగ్గర పారదు. గాల్‌హోపిగ్గెన్ అనేది మూడు ముక్కల పేరు. "గాల్" అంటే కొండమీదికి పోయే నిటారు బాట. "హో" అంటే గుండ్రంగా, దిట్టంగా ఉండే కొండ. "పిగ్గ్" అంటే ములుకు. చివరనున్న "ఎన్" ఇంగ్లీషులో నామవాచకం ముందు వచ్చే నిర్దేశక పదం చేసే పనే చేస్తుంది. స్కాండినేవియా భాషలు దానిని మాటకు తోకగా తగిలిస్తాయి. విభక్తులన్నీ మాట చివరే పెట్టుకునే మనకు ఇందులో కొత్త ఉండనక్కరలేదు. మొదట "బాట ఉన్న గుండ్రని కొండ" అనే పేరు పుట్టింది, దాని పక్కనుంచి పొడుచుకువచ్చిన ములుకు గనుక ఇది గాల్‌హోపిగ్గెన్ అయింది. అంటే దేశంలోకెల్లా, ఆ మాటకొస్తే ఉత్తర ఐరోపాలోకెల్లా ఎత్తైన 2469 మీటర్ల శిఖరానికి సొంత పేరే లేదు, పక్క కొండ పేరుకు తోక తగిలించి సరిపెట్టారు.

దీనికి కారణం ఉంది. రైతుకు, పశువుల కాపరికి శిఖరంతో పనిలేదు. బాటతో, ఏటితో, గడ్డి దొరికే వాలుతో పని. అందుకే ముందు కిందివాటికి పేర్లు పుట్టి తరువాత పైకి ఎక్కాయి. మంచుదారి గారు చెప్పిన స్తూరె స్కాగస్తోల్స్‌తిన్ పేరు, వేసవిలో పశువులను తోలుకుపోయి పాలు తీసుకునే స్కాగస్తోలెన్ అనే వేసవి మకాం నుంచి వచ్చింది. రెండో ఎత్తైన గ్లిత్తెర్‌తిన్ పేరు మంచు మెరుపును చూసి పెట్టినదని అందరూ అనుకుంటారు. మెరిసేది కొండ కాదు, గ్లిత్ర అనే ఏరు. "మెరిసేది" అని ఏటికి పేరు, ఏటినుంచి కొండకు పేరు.

మంచుదారి

గాల్‌హోపిగ్గెన్ నేను ఎక్కాను కనుక ఒక పక్కదారి మాట. లోమ్ ప్రాంతపు మనుషులు ముగ్గురు, వారిలో ఒకరు బడిపంతులు, 1850లో దానిని మొదటిసారి ఎక్కినట్టు నమోదైంది. ఇప్పుడు రెండు దారులున్నాయి. స్పీతెర్‌స్తూలెన్ బస నుంచి బయలుదేరితే మంచునదితో పనిలేకుండా కాళ్లనొప్పులతో పోతుంది. యువస్‌హిత్త నుంచైతే గైడుతో, ఒకరికొకరు తాడు కట్టుకుని మంచునది దాటాలి. ఆ మంచునది పేరు స్తిగ్గెబ్రేన్. "స్తిగ్గ్" అంటే వికారమైనది. పగుళ్ల మీద మంచు కప్పి ఉంటుంది, కాలు ఎక్కడ దిగబడుతుందో తెలియదు. ఆ పేరు పెట్టినవాడు దానిని దాటినవాడే అయి ఉండాలి.

గ్లిత్తెర్‌తిన్ నెత్తిన ఉన్న మంచు టోపీని కలిపి కొలిస్తే ఒకప్పుడు అదే ఎత్తైనదని తేలేది, ఏది పెద్దదన్న వాదన చాలాకాలం నడిచింది. మంచు కరిగి టోపీ పలచబడ్డాక వాదన గాల్‌హోపిగ్గెన్ పక్షాన ముగిసింది. ఇక చాలు, స్టెటిండ్ దగ్గరికి వద్దాం. కొలిమి గారి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పదాల పెట్టె

కొలిమి గారి ప్రశ్న ఈ చర్చలోకెల్లా మంచి ప్రశ్న. మీరు పక్కన పెట్టుకుని చూసినది కొమ్ము, మడమ ఉన్న పెద్ద దాగలి బొమ్మ, అంటే ఐరోపాలో తరువాతి కాలపు రూపం. పేరు పెట్టినవారి ఇంట్లో ఉన్నది అది కాదు. స్వీడన్‌కు చెందిన గాట్లాండ్ ద్వీపంలో, మెస్తెర్‌మూర్ అనే చిత్తడి నేలలో, 1936లో ఒక రైతు నాగలికి వైకింగుల కాలపు కొయ్య పెట్టె ఒకటి తగిలింది. అందులోనూ దాని చుట్టుపక్కలా కమ్మరివి, వడ్రంగివి కలిపి 200కు పైగా వస్తువులు దొరికాయి, వాటిలో దాగళ్లూ ఉన్నాయి. చేత్తో ఎత్తి మరోచోట పెట్టుకోగల ఇనుప దిమ్మెలవి. అటువంటి చిన్న దాగలిని మొద్దులో దిగగొట్టి వాడేవారు. పైన చదునైన ముఖం, పక్కలు నునుపు, అంతే. కొండను ఆ దిమ్మెతో పోల్చి చూడండి.

కొలిమి

ఇప్పుడు కనబడింది! మా దాగలి కూడా అచ్చం అదే. నల్లతుమ్మ మొద్దులో దిగగొట్టిన దిమ్మె, పైకి కనబడేది జానెడు కూడా ఉండదు. పొద్దస్తమానం నాగటి కర్రులు సాగగొట్టి సాగగొట్టి దాని ముఖం అంచులు కొద్దిగా బయటికి ఒరిగి, నడుమ మాత్రం అద్దంలా మెరిసేది. కొమ్ము ఉన్న దాగలిని నేను మొదట చూసినది ఐటీఐలో చేరాకే. బొమ్మలో చూసిన దాగలిని మనసులో పెట్టుకుని, ఇంట్లో ఉన్నదానిని మరిచిపోయాను.

విశాఖ తీరం

నేను ఓడల మీద పనిచేసినవాడిని. కొలిమి గారు ఏ వైపునుంచి చూసి పేరు పెట్టారని అడిగారు. నా ఉద్దేశంలో నీటిమీదనుంచే. అక్కడ రోడ్లు నిన్నమొన్నటివి, పడవలు వేల ఏళ్లవి. చేపలకు పోయేవాడికి తీరంలోని ప్రతి కొండా దారి గుర్తే. తిరిగి వచ్చేటప్పుడు మబ్బులో సగం మునిగి ఉన్నా గుర్తుపట్టగల పేరు కావాలి, అది తన ఇంట్లో చూసిన వస్తువు పేరైతేనే ఠక్కున తడుతుంది. ఆ తీరం పొడుగునా పేర్లు చూడండి. సెన్యా ద్వీపంలో సెగ్లా, అంటే తెరచాప. ఇంకా దక్షిణాన తుర్గ్‌హాత్తెన్ పేరులో టోపీ ఉంది, నడిబొడ్డున ఈ వైపునుంచి ఆ వైపుకు తొలుచుకుపోయిన రంధ్రం ఉన్న కొండ అది. స్వోల్వేర్ ఊరి నెత్తిన రెండు కొమ్ములతో నిలిచిన రాయి పేరు మేక. మా విశాఖలో ఓడరేవు పక్క కొండకు ఉన్న డాల్ఫిన్ ముక్కు అనే పేరు కూడా సముద్రంలోకి సాగిన రూపాన్ని చూసి పెట్టినదే.

మంచుదారి

ఆ "మేక"ను కూడా మొదట ఎక్కినవారు స్టెటిండ్ ఎక్కిన ఆ ముగ్గురేనండీ, అదే 1910లో. ఒకే వేసవిలో దాగలినీ మేకనూ లొంగదీసుకున్నారు.

భస్మరేఖ

పదాల పెట్టె గారు చెప్పిన "నిలబడు" ధాతువు దగ్గర నా మనసు ఆగిపోయింది. అది మన సంస్కృతంలోని "స్థా" ధాతువే కదా. దానినుంచే "స్థాణువు" పుట్టింది. స్థాణువు అంటే కదలని మోడు, స్తంభం, అలాగే పరమశివుడి పేరు. మనం నేటికీ "స్థాణువులా నిలబడిపోయాడు" అంటాం. అయితే స్టెటిండ్ అంటే శివశిఖరమని, ఆ పేరు ఇక్కడినుంచే అక్కడికి వెళ్లిందని అనుకోవడానికి అభ్యంతరం ఏమిటి?

పదాల పెట్టె

భస్మరేఖ గారూ, మీ చివరి ప్రశ్న ముందు వరకూ మీతో నడుస్తాను, ఆ చివరి మెట్టు దగ్గర ఆగుతాను. "స్థా" ధాతువూ నార్స్ "స్తెది"కి మూలమైన ధాతువూ ఒకే కుదురువన్నది నిజం. ఆ కుదురునుంచే ఇంగ్లీషు "స్టాండ్", మన స్థలం, స్థానం, స్థితి అన్నీ వచ్చాయి. అయితే ఒకే ముత్తవ్వ మునిమనవరాళ్లు ఇద్దరు ఒకరినొకరు ఎరగకుండా వేరువేరు ఊళ్లలో కాపురం చేయవచ్చు. నార్స్ మాటకు "నిలిచేది" అనే ధాత్వర్థం ఉన్నా, కొండకు పేరు పెట్టే నాటికి వారి నోట్లో అది దాగలి మాత్రమే. మనం "చెయ్యి" అన్నప్పుడు "చేయు" గుర్తురాదు కదా, అలాగే వారికి దాగలి అన్నప్పుడు "నిలబడు" తట్టదు. ధాతువు కలిసినంత మాత్రాన పేరు ప్రయాణం చేసినట్టు కాదు.

కాని స్థాణువు అనే మాట మీరు తీసుకురావడం వృథా కాలేదు. ఆ కొండను తెలుగులో వర్ణించవలసివస్తే నేను ఆ మాటే వాడతాను.

భస్మరేఖ

ఒప్పుకున్నాను. వర్ణన వరకే ఉంచుకుంటాను.

ధ్రువతార

ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. సందేహి గారు అడిగిన "ఘనమైన పేరు" విషయంలో ఒక ఉదాహరణ చెబుతాను. స్తవాంగెర్ దగ్గర లీసెఫ్యోర్డుపై 604 మీటర్ల ఎత్తున చదునుగా సాగిన ప్రైకెస్తోలెన్ రాతి అంచు ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేరుకు అర్థం చర్చిలో ప్రవచనం చెప్పే వేదిక. పురాతనమైన పేరనుకున్నాను, కాదు. స్థానికులు దానిని "హ్యూవ్లతొన్నా" అనేవారు, అంటే చిత్రిక పన్ను. వడ్రంగి చిత్రిక పట్టినంత నునుపుగా ఉంది కాబోలు. 1900 ప్రాంతంలో యాత్రికులను ఆకర్షించడానికి స్తవాంగెర్ పర్యాటక సంఘం వారు "ప్రవచన వేదిక" అని కొత్త పేరు పెట్టారు. వడ్రంగి పేరు పోయి పురోహితుడి పేరు వచ్చింది. స్టెటిండ్‌కు ఆ గతి పట్టలేదు, కమ్మరి పేరుతోనే జాతీయ పర్వతం అయింది.

మరో మాట, చర్చ శీర్షికలో నేను రాసిన "స్టెటిండ్" తప్పు. చివరి "డ" ఇక్కడ ఎవరూ పలకరు. అంతకంటే ముఖ్యం, వీరి "త" మన "త"కు దగ్గరగా పళ్ల వద్ద పలుకుతుంది. ఈ దేశపు తూర్పు, ఉత్తర ప్రాంతాలవారు "ర" తరువాత వచ్చినప్పుడే దానిని "ట"గా మారుస్తారు. పటం అనే అర్థం గల వారి మాటలో అచ్చంగా మన "ట" వినబడుతుంది. ఇంగ్లీషువారికి పట్టుబడని ఈ తేడా మన చెవికి మొదటి రోజే తెలిసిపోతుంది. పదాల పెట్టె గారు మొదటినుంచీ "స్తే" అనీ "తిన్" అనీ రాస్తూనే ఉన్నారు, నేనే గమనించలేదు. కనుక "స్తేతిన్" అని మార్చవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.

సందేహి

చిత్రిక పన్ను అనే పేరు నిజంగా బాగుంది. మంత్రశిఖరం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకులు

శీర్షిక మార్చితే పాత లంకెలు పనిచేయవు. అందువల్ల "స్టెటిండ్" అలాగే ఉంచి, దాని పక్కన "సరైన పలుకుబడి స్తేతిన్" అని చేరుస్తున్నాము. కొలిమి గారు వీలైతే తమ ఇంటి దాగలి ఫోటో ఇక్కడ పెట్టగలరు.

కొలిమి

నిన్న ఊరికి ఫోన్ చేసి మా అన్నయ్యను అడిగాను. కొలిమి తీసేసిన తరువాత మొద్దు పుచ్చిపోయిందట, దాగలిని మాత్రం పెరట్లో బావి గట్టుమీద ఉంచారు, కొబ్బరికాయలు కొట్టడానికి వాడుతున్నారు. మొద్దులో దిగి ఉండే భాగం ఇప్పుడు బయటపడింది కనుక పూర్తి రూపం కనబడుతోంది. సన్నగా, పొడుగ్గా, ఒకవైపు చదునుగా. సన్నని కొసను మట్టిలో గుచ్చి, చదును ముఖం పైకి పెట్టి, కింద కూర్చుని ఫోటో తీయమన్నాను. ఎందుకని అడిగాడు. నార్వేలో ఒక కొండ ఉంది అన్నయ్యా అని మొదలుపెట్టాను, నెట్‌వర్క్ పోయింది. ఫోటో రాగానే పెడతాను.